జీఆర్ఈనా, జీమ్యాటా, ఐఎల్ట్సా, పీటీఈనా? ఫీజు కట్టేముందు తేల్చుకోవాల్సినవి

మార్చి వచ్చిందంటే మా చుట్టాల్లో ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్ పిల్లల నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే, "అక్కా, అబ్రాడ్‌లో మాస్టర్స్‌కి ఏ ఎగ్జామ్ ఈజీ?" అని. నేను ముందు ఏ దేశం అనుకుంటున్నావ్, ఏ కోర్సు, ఏ కాలేజీలు అని అడుగుతా. సగం మంది దగ్గర జవాబు ఉండదు, కానీ అప్పటికే అమీర్‌పేటలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో కోచింగ్‌కి డబ్బు కట్టేసి ఉంటారు.

మా చిన్నాన్న కొడుకు సంగతి చెప్తా. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు జీఆర్ఈ (అడ్మిషన్ పరీక్ష), ఐఎల్ట్స్ (ఇంగ్లీష్ పరీక్ష) రెండూ కలిపి ప్యాకేజీ అన్నారు, వీడు చేరిపోయాడు, నాలుగు నెలలు వర్డ్ లిస్టులు బట్టీ పట్టాడు, ఎగ్జామ్ ఫీజే 22 వేల పైన కట్టి జీఆర్ఈ రాస్తే 340కి 298 వచ్చింది. ఇంక నేను అబ్రాడ్‌కి పనికిరాను అనుకుని నెల రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తీరా చూస్తే వాడు ఇష్టపడి వెళ్ళిన కోర్సు యూకేలో, అక్కడ జీఆర్ఈ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. డబ్బు పోయిందని కాదు నా బాధ, ఎవరూ అడగని పరీక్షలో మార్కులు తగ్గాయని ఒక పిల్లాడు తన మీద తను నమ్మకం పోగొట్టుకున్నాడు చూడండి, అది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఎగ్జామ్ కంటే ముందు చూడాల్సినవి

మొదటిది, కాలేజీల లిస్టు. ఒక ఎనిమిది పది పేర్లు రాసుకుని, ప్రతి దానికీ ఆ డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి చూడండి. యూనివర్సిటీ మెయిన్ పేజీ సరిపోదు, ఎందుకంటే ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వాళ్ళు జీఆర్ఈ వద్దంటారు, పక్క బిల్డింగ్‌లో ఇంకో డిపార్ట్‌మెంట్ కావాలంటుంది. ఇంగ్లీష్ ఎగ్జామ్‌కి మాత్రం మొత్తం స్కోరు ఎంత, ఒక్కో సెక్షన్‌లో కనీసం ఎంత అన్న రెండూ నోట్ చేసుకోండి, చాలామంది మొత్తం స్కోరే చూసి రెండోది వదిలేస్తారు, తర్వాత దొరికిపోయేది అక్కడే.

రెండోది, వీసా. కాలేజీ ఒప్పుకున్న ఎగ్జామ్‌ని ఆ దేశం వీసా ఆఫీసు కూడా ఒప్పుకోవాలనేం లేదు. ఇది దేశం దేశానికీ మారుతుంది, కింద విడిగా చెప్తా.

మూడోది, గడువు. జీఆర్ఈ, జీమ్యాట్ స్కోర్లు 5 ఏళ్ళు పనికొస్తాయి, ఇంగ్లీష్ ఎగ్జామ్స్ అన్నీ 2 ఏళ్ళే. దీన్నిబట్టే ఏది ముందు రాయాలో తెలిసిపోతుంది. జీఆర్ఈ రాసేదైతే థర్డ్ ఇయర్ సమ్మర్‌లో, లెక్కలు ఇంకా చేతిలో ఉన్నప్పుడే రాసేయండి. ఇంగ్లీష్ మాత్రం అప్లికేషన్లు పెట్టే ముందు రాయండి. థర్డ్ ఇయర్‌లోనే ఐఎల్ట్స్ రాసేసి, తర్వాత రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్దాం అనుకున్నవాళ్ళు మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ రాయాల్సిందే.

నాలుగోది మీ నోరు, మీ చెయ్యి, మీ ఇల్లు. టైపింగ్ ఎంత వేగం, మనిషి ఎదురుగా కూర్చుంటే మాట్లాడగలరా లేక మైక్‌లో మాట్లాడటమే తేలికా, ఇంట్లో గంట సేపు కరెంటు, నెట్ పోకుండా ఎవరూ తలుపు తియ్యకుండా ఉంటుందా. ఈజీ ఎగ్జామ్ అంటూ విడిగా ఏదీ ఉండదు, మీకు సరిపడేది ఉంటుంది అంతే.

ఐదోది మొత్తం ఖర్చు. అంటే ఎగ్జామ్ ఫీజుతో పాటు కాలేజీలకి స్కోర్లు పంపే ఖర్చు, మళ్ళీ రాయాల్సి వస్తే ఆ ఖర్చు కూడా.

రెండు రకాల పరీక్షలు, కలిపేయకండి

ఇది తెలిసినవాళ్ళకి చిన్న విషయమే, కానీ అమ్మానాన్నలకి చెప్పేటప్పుడు పనికొస్తుంది. జీఆర్ఈ, జీమ్యాట్ అనేవి "ఈ పిల్లాడు మా కోర్సు చదవగలడా" అని చూసే అడ్మిషన్ పరీక్షలు. ఐఎల్ట్స్, పీటీఈ, టోఫెల్, డుయోలింగో అనేవి "మా క్లాసులో చెప్పేది ఇంగ్లీష్‌లో అర్థం చేసుకోగలడా" అని చూసేవి. జీఆర్ఈలో 325 వచ్చినా ఐఎల్ట్స్ మాఫీ అవ్వదు. ఐఎల్ట్స్‌లో 8 వచ్చినా జీఆర్ఈ కావాలన్న చోట అది సరిపోదు. మొదటి రకం చాలామందికి అక్కర్లేదు, రెండో రకం మాత్రం దాదాపు అందరికీ కావాలి.

జీఆర్ఈ: ముందు కావాలో వద్దో చూడండి

నేను రాసినప్పుడు ఇది మూడు గంటల నలభై ఐదు నిమిషాల పరీక్ష. 2023 సెప్టెంబర్ 22 నుంచి 1 గంట 58 నిమిషాలకి తగ్గించారు. ఇప్పుడు ఒక్క ఎస్సే, రెండు వెర్బల్ (ఇంగ్లీష్) సెక్షన్లు, రెండు క్వాంట్ (లెక్కలు) సెక్షన్లు, అంతే. వెర్బల్, క్వాంట్ ఒక్కోటి 130 నుంచి 170, అంటే మొత్తం 340కి. ఎస్సేకి విడిగా 6కి మార్కులు. మొదటి సెక్షన్ ఎలా చేశారో దాన్నిబట్టి రెండో సెక్షన్ కష్టంగానో తేలిగ్గానో వస్తుంది, అందుకే మొదటి 12 ప్రశ్నల దగ్గర తొందరపడకూడదు. సెక్షన్ లోపల వెనక్కి వెళ్ళి ఆన్సర్ మార్చుకోవచ్చు, క్వాంట్‌లో స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ కూడా ఇస్తారు.

మనోళ్ళకి, ముఖ్యంగా ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఎంసెట్ కోసం రాత్రింబగళ్ళు లెక్కలు చేసినవాళ్ళకి, క్వాంట్ అంత భయం ఉండదు. వెర్బల్ దగ్గరే స్కోరు పడిపోతుంది. మూడు వేల పదాల లిస్టు బట్టీ పడితే వెర్బల్ వచ్చేస్తుందనుకుంటారు, రాదు. వాక్యం ఎటు తిరుగుతుందో పట్టుకోవడం రావాలి, అది రోజూ ఇంగ్లీష్‌లో పెద్ద వ్యాసాలు చదివితేనే వస్తుంది, పదాలు దాంతో పాటే వస్తాయి. మూడు నెలలు రోజూ నలభై నిమిషాలు చదివినవాళ్ళు లిస్టు బట్టీ పట్టినవాళ్ళకంటే మెరుగ్గా రాయడం మా ఇంట్లోనే చూశా.

ఇప్పుడు అసలు సంగతి. కోవిడ్ తర్వాత అమెరికాలో చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ తీసేశాయి. పేజీలో మూడు రకాల మాటలు కనిపిస్తాయి, మూడింటికీ అర్థం వేరు. "రిక్వైర్డ్" అంటే రాయాల్సిందే. "నాట్ కన్సిడర్డ్" అంటే మీరు పంపినా చూడరు, కాబట్టి పంపకండి. గందరగోళం అంతా "ఆప్షనల్" దగ్గరే.

ఆప్షనల్ అన్న చోట నా సలహా ఏంటంటే, మీ అప్లికేషన్‌లో ఏదో ఒక బలహీనత ఉండి దాన్ని క్వాంట్ స్కోరు కప్పగలదంటే రాయండి. సీజీపీఏ 7 లోపు ఉంది, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, కాలేజీ పేరు అక్కడివాళ్ళు ఎప్పుడూ విని ఉండరు, లేదా మెకానికల్, సివిల్ చదివి డేటా సైన్స్‌కి మారుతున్నారు, ఇలాంటివాళ్ళకి క్వాంట్‌లో 166, 167 అనేది గట్టి సాక్ష్యం. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పని చేస్తూ ఫీజు సాయం పొందడం) కోసం, పీహెచ్‌డీ కోసం చూసేవాళ్ళూ రాస్తే నష్టం లేదు. 8.8 సీజీపీఏ ఉండి, మంచి ప్రాజెక్టులు, రెండేళ్ళ ఉద్యోగం ఉన్నవాళ్ళు ఆ మూడు నెలలు ఎస్ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం) మీద, రికమెండేషన్ లెటర్ల మీద పెట్టడం మంచిది. రాశాక స్కోరు బాగా రాలేదంటే ఆప్షనల్ చోట పంపక్కర్లేదు, స్కోర్‌సెలెక్ట్ ఉంది కాబట్టి ఏ అటెంప్ట్ పంపాలో కూడా మీ చేతుల్లోనే ఉంటుంది.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. కాలేజీ అడగకపోయినా స్కాలర్‌షిప్ వాళ్ళు అడగొచ్చు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు మీద ఉన్నది, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్, వీటిలో 20 లక్షల దాకా సాయం ఉంటుంది, సెలెక్షన్‌లో డిగ్రీ మార్కులతో పాటు జీఆర్ఈ లేదా జీమ్యాట్ స్కోరు, ఇంగ్లీష్ స్కోరు కూడా చూస్తారు. ఇరవై లక్షలంటే ఒక కుటుంబానికి పొలం అమ్మాలా వద్దా అన్న తేడా. కాబట్టి ఈ పథకాలకి అర్హత ఉన్న పిల్లలు కాలేజీ వద్దంది కదా అని జీఆర్ఈ వదిలేయకండి, ముందు ఆ సంవత్సరం నోటిఫికేషన్ చదవండి. తాకట్టు లేకుండా లోన్ ఇచ్చే కొన్ని ప్రైవేట్ కంపెనీలు కూడా ప్రొఫైల్ చూసేటప్పుడు జీఆర్ఈ స్కోరు అడుగుతాయి.

మళ్ళీ రాయాలంటే 21 రోజుల గ్యాప్ ఉండాలి, 12 నెలల్లో 5 సార్ల దాకా రాయొచ్చు. పరీక్ష రోజు నాలుగు కాలేజీలకి ఉచితంగా పంపొచ్చు కాబట్టి ఆ నాలుగు పేర్లు ముందే అనుకుని వెళ్ళండి. తర్వాత ఒక్కోదానికీ డాలర్లలో కట్టాలి, పది కాలేజీలైతే అదే పెద్ద మొత్తం అవుతుంది. అప్లికేషన్ టైమ్‌లో మీరే స్కోరు టైప్ చేస్తే చాలు, అడ్మిట్ వచ్చాక అఫీషియల్‌గా పంపండి అనే కాలేజీలు చాలా ఉన్నాయి, అలాంటివి ఏవో చూసుకుని అక్కడ మిగుల్చుకోండి.

జీమ్యాట్ ఎవరికి

ఎంబీఏ, ఫైనాన్స్, మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళకి మాత్రమే. ఇంజినీరింగ్ ఎంఎస్‌కి దీని గురించి ఆలోచించకండి. 2023 నవంబర్‌లో వచ్చిన కొత్త రూపంలో క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు చూసి జవాబు చెప్పేది) అని మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 2 గంటల 15 నిమిషాలు. ఎస్సే తీసేశారు, జామెట్రీ తీసేశారు, సెంటెన్స్ కరెక్షన్ కూడా తీసేశారు. స్కోరు 205 నుంచి 805 దాకా. ఇక్కడ ఒక తికమక ఉంది, సీనియర్లు "700 రావాలి" అంటారు, అది పాత లెక్క. పాత 700కి ఇప్పుడు సుమారుగా 645 సమానం. 655 వచ్చిందని ఏడ్చిన అమ్మాయిని ఓదార్చి, అది మంచి స్కోరేనమ్మా అని చెప్పాల్సి వచ్చింది.

పెద్ద బిజినెస్ స్కూళ్ళు చాలావరకు రెండింట్లో ఏదైనా తీసుకుంటాయి, మన హైదరాబాద్ ఐఎస్‌బీ కూడా జీమ్యాట్, జీఆర్ఈ రెండూ ఒప్పుకుంటుంది. మరి ఎలా ఎంచుకోవాలంటే, ఒక వారం తీసుకుని రెండింటి ఫ్రీ అఫీషియల్ మాక్ చెరొకటి రాయండి. జీమ్యాట్ క్వాంట్‌లో క్యాలిక్యులేటర్ ఉండదు, డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే ఇస్తారు, లాజిక్ ఎక్కువ. జీఆర్ఈలో పదజాలం బరువు ఎక్కువ. ఇంగ్లీష్ పదాలంటే చిరాకు, లాజిక్ అంటే ఇష్టం ఉన్నవాళ్ళకి జీమ్యాట్ నప్పుతుంది. ఎంబీఏనా, ఎంఎస్ బిజినెస్ అనలిటిక్సా అని ఇంకా ఊగిసలాడుతుంటే జీఆర్ఈ రాయండి, రెండు వైపులా తలుపు తెరిచి ఉంటుంది. జీమ్యాట్ ఫీజు కూడా ఎక్కువ, సెంటర్‌లో రాస్తే 275 డాలర్లు.

ఇంగ్లీష్ ఎగ్జామ్స్ నాలుగూ పక్కపక్కన

| | ఐఎల్ట్స్ అకడమిక్ | పీటీఈ అకడమిక్ | టోఫెల్ ఐబీటీ | డుయోలింగో |
|---|---|---|---|---|
| స్కోరు | 0 నుంచి 9 | 10 నుంచి 90 | 2026 జనవరి 21 నుంచి 1–6, అంతకుముందు 0–120 | 10 నుంచి 160 |
| సమయం | దాదాపు 2 గంటల 45 నిమిషాలు | సుమారు 2 గంటలు | 2 గంటల లోపు | సుమారు గంట |
| స్పీకింగ్ | ఎగ్జామినర్‌తో ముఖాముఖి | మైక్‌లో | మైక్‌లో | మైక్, కెమెరా ముందు |
| ఎక్కడ | సెంటర్‌లో | సెంటర్‌లో | సెంటర్ లేదా ఇల్లు | ఇంట్లోనే |
| రిజల్ట్ | కంప్యూటర్ మీద రాస్తే కొద్ది రోజులు | మామూలుగా 2 రోజులు | 3 రోజులు | 2 రోజులు |
| ఫీజు సుమారు | 18 వేలు | 18 వేలు | 17 వేలు | 70 డాలర్లు |
| మాస్టర్స్‌కి చాలాచోట్ల అడిగేది | 6.5 | 58 దగ్గర | పాత లెక్కలో 80–90 | 110–120 |

ఫీజులు ఏటా పెరుగుతూ ఉంటాయి, బుక్ చేసే రోజు చూసుకోండి. చివరి వరస కూడా అంచనా కోసమే, మీ లిస్టులో కాలేజీ ఏం రాసిందో అదే లెక్క.

ఐఎల్ట్స్

దాదాపు ఎక్కడైనా చెల్లేది ఇది. దేశం ఇంకా ఖాయం కాలేదు, రెండు మూడు దేశాలకి కలిపి అప్లై చేస్తాను అంటే కళ్ళు మూసుకుని ఇదే రాయండి. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు మనిషితో. కొంతమంది పిల్లలకి మనిషి ఎదురుగా ఉంటే వణుకొస్తుంది, కొంతమందికి ఎదుటివాళ్ళు తలూపితేనే మాట వస్తుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి. అమెరికన్ యాస పెట్టి మాట్లాడాలని కొన్ని చోట్ల నేర్పిస్తారు, అస్సలు అక్కర్లేదు, మన యాసతోనే స్పష్టంగా, ఆగి ఆగి కాకుండా మాట్లాడితే చాలు.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది రైటింగ్‌లో. లిజనింగ్ 7.5, రీడింగ్ 7 వచ్చి రైటింగ్‌లో 5.5 దగ్గర ఆగిపోతారు. నాలుగింటి సగటు తీసి దగ్గరి అరబ్యాండ్‌కి సర్దుతారు, ఉదాహరణకి 6.5, 6.5, 6.5, 5.5 వస్తే సగటు 6.25, అది 6.5 అవుతుంది. మొత్తం 6.5 వచ్చేసిందని స్వీట్లు పంచుతారు, కానీ కాలేజీ "ఏ సెక్షన్‌లోనూ 6 తగ్గకూడదు" అని రాసి ఉంటుంది, అంతా మొదటికొస్తుంది. అలాంటప్పుడు వన్ స్కిల్ రీటేక్ అని ఉంది, కంప్యూటర్ మీద రాసినవాళ్ళు 60 రోజుల లోపు ఆ ఒక్క సెక్షనే మళ్ళీ రాయొచ్చు. కాకపోతే అన్ని యూనివర్సిటీలూ దీన్ని ఒప్పుకోవు, మెయిల్ పెట్టి అడిగి తర్వాతే డబ్బు కట్టండి.

రైటింగ్‌లో రెండో టాస్క్‌కి మొదటిదాని కంటే రెట్టింపు వెయిటేజీ. మొదటి టాస్క్‌లో వచ్చే గ్రాఫ్ దగ్గర అరగంట కూర్చుంటే రెండోదైన ఎస్సే సగంలో ఆగుతుంది. 20 నిమిషాలు గ్రాఫ్, 40 నిమిషాలు ఎస్సే, గడియారం పెట్టుకుని ఇంట్లోనే ప్రాక్టీస్ చెయ్యండి.

పీటీఈ

ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళలో బాగా ఎక్కువ. మొత్తం కంప్యూటరే. గదిలో మీతో పాటు ఇంకో పదిమంది ఒకేసారి మైక్‌లో మాట్లాడుతుంటారు, ఆ గోల మధ్యలో మీ వాక్యం మీరు చదవగలగాలి. మూడు సెకన్లు నోరు మెదపకపోతే మైక్ ఆగిపోతుంది, అందుకే తప్పు పలికినా వెనక్కి వెళ్ళి దిద్దుకోకుండా ముందుకు సాగిపోవడం అలవాటు చేసుకోవాలి. మనం ఇంగ్లీష్ పదాల చివర అచ్చు కలిపి "బస్సు, కారు" అన్నట్టు పలుకుతాం కదా, మైక్ ముందు రీడ్ అలౌడ్ (స్క్రీన్ మీద ఉన్నది పైకి చదవడం) చేసేటప్పుడు అది తగ్గించుకోవడం మంచిది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే మీకే తెలుస్తుంది.

వాక్యం విని టైప్ చేసే రైట్ ఫ్రమ్ డిక్టేషన్ ఉంటుంది, లిజనింగ్‌కీ రైటింగ్‌కీ రెండింటికీ మార్కులు అక్కడ పడతాయి. స్పెల్లింగ్ బాగా వచ్చి, చెయ్యి చురుగ్గా నడిచేవాళ్ళకి ఈ ఎగ్జామ్ చాలా మంచిది. కోచింగ్‌లలో టెంప్లేట్లు అమ్ముతారు, ఏ బొమ్మ వచ్చినా ఇదే పాట పాడు అని. 2025లో మార్పులు తెచ్చాక కొన్ని ఆన్సర్లని మనుషులు కూడా చూస్తున్నారు, కాబట్టి టెంప్లేట్ నమ్ముకుని వెళ్ళకండి. ఒక మంచి సంగతి, స్కోరు ఎన్ని కాలేజీలకైనా ఉచితంగా పంపొచ్చు.

టోఫెల్

అమెరికా ఒక్కటే అనుకున్నవాళ్ళకి ఇది బాగానే ఉంటుంది. కానీ 2026 జనవరి 21 నుంచి పరీక్షే మారిపోయింది. స్కోరు 1 నుంచి 6, రీడింగ్, లిజనింగ్ మీ ఆన్సర్లని బట్టి కష్టం మారుతూ వస్తాయి, స్పీకింగ్‌లో విన్నది తిరిగి చెప్పడం, ఇంటర్వ్యూలా ప్రశ్నలకి జవాబివ్వడం, రైటింగ్‌లో మెయిల్ రాయడం లాంటివి వచ్చాయి. సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం, యూట్యూబ్‌లో పాత వీడియోలు పట్టుకుంటే నష్టపోతారు. కొన్నాళ్ళ పాటు స్కోర్ రిపోర్ట్‌లో పాత 120 లెక్కకి ఎంతో కూడా చూపిస్తారు, కాలేజీ పేజీలో ఇంకా 79, 90 అని ఉంటే కంగారుపడక్కర్లేదు.

డుయోలింగో

చవక, గంటలో అయిపోతుంది, రెండు రోజుల్లో రిజల్ట్, ఎన్ని కాలేజీలకైనా ఉచితంగా పంపొచ్చు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి. డెడ్‌లైన్ వారంలో ఉందంటే ఆదుకునేది ఇదే. కానీ ఆస్ట్రేలియా వీసాకి, యూకే వీసా కోసం విడిగా అడిగే ఇంగ్లీష్ పరీక్షకి ఇది పనికిరాదు. ఇంట్లో రాస్తున్నాం కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, కళ్ళు పక్కకి తిప్పినా, ఎవరో గదిలోకి వచ్చినా రిజల్ట్ ఆపేస్తారు. ఉమ్మడి కుటుంబంలో, పొద్దున్నుంచీ వచ్చేపోయేవాళ్ళు ఉండే ఇంట్లో, కరెంటు నమ్మకం లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు సిటీలో ఫ్రెండ్ రూమ్‌కి వెళ్ళి రాయడమే మేలు.

దేశాన్ని బట్టి

*అమెరికా:* ఎఫ్-1 వీసాకి ఇంగ్లీష్ స్కోరు రూల్ అంటూ విడిగా లేదు, కాలేజీ ఏదంటే అదే. అందుకే ఇక్కడ నాలుగూ నడుస్తాయి. కానీ వీసా ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లో రెండు మూడు నిమిషాలు ఉంటుంది, అక్కడ డుయోలింగో 125 చూపించి నోరు విప్పలేకపోతే కష్టం.

*యూకే:* డిగ్రీ, మాస్టర్స్ కోర్సులకి యూనివర్సిటీయే మీ ఇంగ్లీష్‌ని అంచనా వేసుకోవచ్చు. అందుకే కొన్ని చోట్ల ఇంటర్ లేదా ట్వెల్త్ ఇంగ్లీష్ మార్కులు చూసి ఎగ్జామ్ లేకుండానే తీసుకుంటారు. ఏ బోర్డు మార్కులు ఒప్పుకుంటారో ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఫీజు కట్టే ముందు మార్కుల మెమో స్కాన్ చేసి అడ్మిషన్స్‌కి ఒక మెయిల్ పెట్టండి, 18 వేలు మిగలొచ్చు. ప్రీ-సెషనల్, ఫౌండేషన్ లాంటి, అసలు కోర్సుకి ముందు చేసే వాటికి మాత్రం వీసా వాళ్ళు ఒప్పుకున్న ప్రత్యేక పరీక్ష కావాలి, ఐఎల్ట్స్ ఫర్ యూకేవీఐ (యూకే వీసా కోసమే ఉన్న ఐఎల్ట్స్) లాంటిది. మామూలు ఐఎల్ట్స్ బుక్ చేసి తర్వాత తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు, బుకింగ్ పేజీలో పేరు రెండుసార్లు చదవండి.

*ఆస్ట్రేలియా:* 2024 మార్చి 23 నుంచి స్టూడెంట్ వీసాకి ఐఎల్ట్స్ 5.5 నుంచి 6.0కి పెంచారు. చదువయ్యాక ఉండే 485 వీసాకి 6.5 కావాలి, ఆ పరీక్ష కూడా అప్లై చేసే ముందు ఏడాది లోపు రాసి ఉండాలి, అంటే ఇప్పుడు రాసింది అప్పటికి పనికిరాదు. ఇంటి నుంచి రాసిన పరీక్షలు ఒప్పుకోరు. ఐఎల్ట్స్, పీటీఈలలో ఏదైనా పర్వాలేదు.

*కెనడా:* 2024 నవంబర్ 8న ఎస్‌డీఎస్ (స్టూడెంట్ పర్మిట్ త్వరగా తేల్చే పద్ధతి) తీసేశారు, కాబట్టి దాన్ని బట్టి ఇచ్చిన పాత సలహాలు మర్చిపోండి. చదువయ్యాక వర్క్ పర్మిట్‌కి 2024 నవంబర్ 1 నుంచి భాష స్కోరు కూడా పెట్టారు, యూనివర్సిటీ డిగ్రీ వాళ్ళకి సీఎల్‌బీ (కెనడా వాళ్ళ భాషా స్థాయి కొలత) 7. దానికి ఐఎల్ట్స్ జనరల్, పీటీఈ కోర్, సెల్పిప్ అనే ఇంగ్లీష్ పరీక్షల్లో ఏదో ఒకటి కావాలి, మీరు అడ్మిషన్ కోసం రాసిన ఐఎల్ట్స్ అకడమిక్ అక్కడ చెల్లదు. ఇది చాలా మంది చివరి సెమిస్టర్‌లో తెలుసుకుని కంగారుపడుతున్నారు.

*జర్మనీ:* 2022 నవంబర్ నుంచి మన ఇండియా విద్యార్థులకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు సర్టిఫికెట్లు సరైనవేనని చూసి ఇచ్చేది) తప్పనిసరి, ఎగ్జామ్ కంటే ముందు ఆ పని మొదలుపెట్టండి, టైమ్ పడుతుంది. ఇంగ్లీష్ కోర్సులకి ఐఎల్ట్స్ గానీ టోఫెల్ గానీ. ఆఖెన్ ఆర్‌డబ్ల్యూటీహెచ్ లాంటి టెక్నికల్ యూనివర్సిటీల్లో కొన్ని ఇంజినీరింగ్ కోర్సులకి జీఆర్ఈ అడుగుతారు, అందుకని ఫీజు లేని దేశం కదా, జీఆర్ఈ కూడా ఉండదు అనుకోకండి.

మీ పరిస్థితి ఇదైతే

తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కి వచ్చాక ఇంగ్లీష్ అందుకున్నవాళ్ళకి ముందుగా చెప్తా, ఎందుకంటే భయపడేది మీరే ఎక్కువ. మీకు గ్రామర్ బాగానే వస్తుంది, చదవడం వస్తుంది, మాట్లాడటమే అలవాటు లేదు. ఆరు నెలలు టైమ్ ఉంటే ఐఎల్ట్స్ పెట్టుకోండి, రోజూ ఎవరో ఒకరితో పావుగంట ఇంగ్లీష్‌లో మాట్లాడండి, ఆ అలవాటు అక్కడి క్లాసులో, ఇల్లు వెతుక్కునేటప్పుడు, పార్ట్‌టైమ్ దగ్గర అన్నిటికీ పనికొస్తుంది. టైమ్ లేదంటే పీటీఈ, అక్కడ ముఖం చూసి తీర్పు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అయ్యేవాళ్ళు ఒకేసారి రెండు ఎగ్జామ్స్ పెట్టుకోవద్దు. జీఆర్ఈ కావాలంటే ముందు అది ముగించి, నెల ఆగి ఇంగ్లీష్. అదే వెర్బల్ చదువు ఇంగ్లీష్ ఎగ్జామ్ రీడింగ్‌కి సగం పని చేసిపెడుతుంది.

డబ్బు ఇబ్బందిగా ఉన్న ఇళ్ళ పిల్లలు, అమెరికాకే అనుకుంటే, లిస్టులో అన్ని కాలేజీలూ డుయోలింగో తీసుకుంటే అది రాయండి. స్కాలర్‌షిప్ పథకం కోసం చూస్తుంటే మాత్రం నోటిఫికేషన్‌లో ఏ పరీక్షల పేర్లు ఉన్నాయో అవే రాయండి, మిగిలినది వద్దు.

దేశం ఇంకా తేలనివాళ్ళు ఐఎల్ట్స్ రాసి ఊరుకోండి. జీఆర్ఈ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

బుక్ చేసేటప్పుడు పేరు

ఇది మన తెలుగువాళ్ళకే ఎక్కువగా వచ్చే చిక్కు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంలో "కె." అని ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, లేదా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి ఇంటిపేరు, పేరు మొత్తం గివెన్ నేమ్‌లో కలిసిపోయి ఉంటుంది. పరీక్ష బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టండి, మెమో చూసి కాదు. పేరు తేడా ఉంటే సెంటర్‌లో లోపలికి రానివ్వకపోవచ్చు, ఫీజు వెనక్కి రాదు. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళు వీలుంటే ఎగ్జామ్స్ కంటే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి, లేకపోతే స్కోర్లు, ఐ-20 (అమెరికా వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), వీసా అన్నింట్లో అదే పేరు సాగుతుంది, తర్వాత మార్చాలంటే అన్నీ మార్చాలి. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి, అసలు పుస్తకమే తీసుకెళ్ళాలి, జిరాక్స్ చెల్లదు.